కార్డులో చాలావరకు మధ్యస్థం, మడిలో మాత్రం తెల్ల మచ్చలు. ఈ భూమి వరికి పనికివస్తుందా?

శివారుభూమి
సంతబొమ్మాళి వైపు, వంశధార ఎడమ కాలువ శివారులో నాన్నగారి భూమి 2 ఎకరాల 40 సెంట్లు ఉంది. మూడు ముక్కలు. పిల్లకాలువ పక్కన పల్లం 90 సెంట్లు, దాని అవతల సముద్రం వైపు ఎకరం, రోడ్డు పక్కన ఎత్తులో గరువు 50 సెంట్లు. నాన్న పోయాక మూడేళ్లు కౌలుకిచ్చాం. ఎకరం ముక్కలో పైరు ఎదగడం లేదని కౌలు రైతు ఈసారి వదిలేశాడు. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే ఖరీఫ్ నుంచి మనిషిని పెట్టి సొంతంగా చేయిద్దామనుకుంటున్నాను.

భూసార కార్డు ఉంది. ఉదజని సూచిక (పీహెచ్) 7.2, లవణ సూచిక (ఈసీ) 0.4, సేంద్రియ కర్బనం 0.42, భాస్వరం హెక్టారుకు 28 కిలోలు, పొటాష్ 240, జింకు 0.5. కర్బనం, జింకు తక్కువట, మిగతావన్నీ మధ్యస్థమో ఆ పైనో. అంతా బాగానే ఉందనుకుని మొన్న మాఘంలో వెళ్లి చూస్తే ఆ ఎకరంలో అక్కడక్కడ పళ్లెమంత తెల్ల మచ్చలు. మా మేనమామ చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఉప్పు అని తేల్చేశాడు. పిన్ని నేలకు బలం లేదు, గెత్తం (పశువుల ఎరువు) తోలించమంటోంది. ఎరువుల దుకాణంలో అడిగితే పది బస్తాల జిప్సం లెక్క రాసి చేతిలో పెట్టారు. ఎవరి మాట వినాలి?

గట్టుమీదకబుర్లు
మేనమామ నాలుకను ప్రయోగశాలకు అద్దెకివ్వండి. కౌలు కన్నా ఎక్కువ వస్తుంది.

వంశధార_వడ్లు
ఈసీ 0.4 అంటే ఉప్పు లేదు. అంకె కళ్ల ముందు ఉండగా నాలుకతో పనేమిటి? జింకు 0.5 అని కార్డే చెబుతోంది. 0.6 కన్నా తగ్గితే లోపం కిందే లెక్క. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు దమ్ములో, అంటే నీరు పెట్టి బురదగా దున్నేటప్పుడు వేయండి, మూడు పంటలకు సరిపోతుంది. పైరు అదే లేస్తుంది. మాది నరసన్నపేట దగ్గర, ఇలాగే చేశాం.

నైరా_పాతవిద్యార్థి
వంశధార_వడ్లు గారూ, జింకు మాట నిజమే. కానీ ఆ కార్డు ఏ మట్టికి ఇచ్చిందో ముందు తెలియాలి. 2015లో ఈ కార్డుల పథకం మొదలైనప్పుడు ప్రతి మడికీ విడిగా మట్టి తీయలేదు. నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, మెట్టలో పది హెక్టార్లకు ఒకటి. రెండున్నర హెక్టార్లంటే ఆరు ఎకరాల పైమాటే. ఆ గడిలో ఉన్న రైతులందరికీ అవే అంకెలతో కార్డులు అందాయి. శివారుభూమి గారి మూడు ముక్కలూ ఒకే గడిలో పడి ఉంటే, పల్లానికీ ఎకరానికీ గరువుకూ కలిపి ఒకే జాతకం రాసినట్టు.

మట్టి ఎక్కడ తీశారో ఎవరికైనా గుర్తుందా?

శివారుభూమి
అమ్మను అడిగాను. రోడ్డు పక్కన, బండి ఆపిన చోటనే తీశారట. అంటే గరువులో.

గట్టుమీదకబుర్లు
బండి ఆగిన చోటే భూసారం.

వంశధార_వడ్లు
సరే, ఆ కార్డు వరకు వెనక్కి తీసుకుంటున్నాను. జింకు వేయమనడం మాత్రం తీసుకోను.

జీలుగపూలు
మచ్చలు సరే, పైరు ఎప్పుడు పోయింది అన్నది ముఖ్యం. నాటిన వారం పది రోజుల్లో నారు కొసలు తెల్లబడి ఎండిందా? లేక మూడు వారాల తర్వాత ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి గిడసబారిందా? మొదటిదైతే ఉప్పును అనుమానించాలి, రెండోదైతే జింకు. కౌలు రైతుకు ఫోను చేసి అడగండి. వదిలేసిన మనిషికి దాచవలసింది ఏమీ ఉండదు.

చౌడుమడి
మాది పోలాకి మండలం, కెరటం చప్పుడు వినపడేంత దూరంలో పొలం. ఇరవై ఏళ్లుగా చౌడుతోనే కాపురం. జిప్సం కొనే ముందు ఇది చదవండి.

చౌడు రెండు రకాలు. తెల్ల చౌడు అంటే ఉప్పు పేరుకున్న నేల. ఎండాకాలం పైన తెల్లగా పూత పూస్తుంది, కాలు వేస్తే పొడి మట్టి మెత్తగా దిగుతుంది. నల్ల చౌడు వేరు. దానిలో సోడియం మట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది. వాన వెలిశాక నేల మీద నల్లగా నూనె పూసినట్టు కనపడుతుంది, ఎండితే రాయి, తడిస్తే జిగురు. ఉదజని సూచిక 8.5 దాటుతుంది. జిప్సం ఈ రెండోదానికి మందు. అందులోని కాల్షియం సోడియాన్ని నెట్టేసి ఆ చోటులో కూర్చుంటుంది, నెట్టిన సోడియాన్ని నీటితో కడగాలి. తెల్ల చౌడుకు జిప్సం దండగ, దానికి కావలసింది మంచి నీరు, ఆ నీరు బయటకు పోయే దారి.

రెండింటికీ తేడా ఇంట్లోనే చూడవచ్చు. గాజు గ్లాసులో గుప్పెడు మట్టి వేసి, వాన నీరు పోసి, కలిపి ఒక రాత్రి వదిలేయండి. పొద్దుటికి పైన నీరు తేటగా ఉంటే తెల్ల చౌడు. గంజిలా మసకగానే ఉండిపోతే నల్ల చౌడని అనుమానించాలి. ఉప్పు మట్టిని ముద్దలుగా చేసి కిందికి దించుతుంది, సోడియం రేణువులను విడదీసి తేలుస్తుంది. మడిలో నిలిచిన నీటిలోనూ ఇదే తేడా కనిపిస్తుంది.

మొదటి ఏడాది నేను కూడా దుకాణం మాట విని ఎనిమిది బస్తాలు చల్లాను. ఆ డబ్బుతో ఒక కాలువ తవ్వించి ఉంటే అప్పుడే బాగుపడేవాణ్ని.

శివారుభూమి
కౌలు రైతు చెప్పింది: నాటిన పది రోజులకే కొసలు ఎండాయట, మళ్లీ నాటినా అంతే. బతికిన దుబ్బులు మాత్రం తర్వాత బాగానే పిలకలు వేసి, చివర్లో సగం తాలు పోయిందట. నాకు ఇది తిరకాసుగా ఉంది. ఉప్పు ఉంటే మధ్యలో మాత్రం బాగా ఎలా పెరిగింది?

నైరా_పాతవిద్యార్థి
తిరకాసు ఏమీ లేదు, అది వరి స్వభావం. మొలకెత్తేటప్పుడు ఉప్పును బాగానే తట్టుకుంటుంది. లేత నారుగా ఉన్నప్పుడు తట్టుకోలేదు. పిలకల దశలో మళ్లీ ఓర్చుకుంటుంది, పూత దశలో మళ్లీ దెబ్బ తింటుంది. ఆయన మీకు లక్షణాలన్నీ వరసగా చెప్పారు. నా పందెం తెల్ల చౌడు మీద.

అయినా పరీక్ష చేయించండి, మూడు ముక్కలకూ మూడు నమూనాలు. ఇప్పుడు వేసవి కాబట్టి అదను. ముక్కకు ఎనిమిది పది చోట్ల పైన చెత్త తీసేసి, పారతో ‘వి’ ఆకారంలో ఆరు అంగుళాల గుంట తవ్వి, గుంట అంచు నుంచి పై నుంచి కింది దాకా ఒకే మందంలో మట్టి చెక్కండి. అంతా గుడ్డ మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేయండి. అర కిలో మిగిలేదాకా అదే పని. నీడలో ఆరబెట్టాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంట కుప్ప వేసిన చోట తీయవద్దు. యూరియా సంచిలో అసలు వేయవద్దు.

ఎకరం ముక్కకు అదనంగా ఒక పని. తెల్ల మచ్చలున్న చోట మట్టి విడిగా, లేని చోటిది విడిగా. చౌడు ఉన్నప్పుడు ఆరు అంగుళాలతో ఆపకుండా ఒక్కో అడుగుకు ఒక నమూనా చొప్పున మూడు అడుగుల లోతు దాకా తీయండి. ఉప్పు పైనుందా, కింది నుంచి ఎక్కుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

గరువుగట్టు
మాది గజపతినగరం వైపు, అంతా ఎర్ర నేల. చౌడు గురించి పెద్దలు చెప్పారు, నేను గరువు గురించి చెబుతాను, ఎందుకంటే ఎవరూ దాన్ని పట్టించుకోవడం లేదు. 50 సెంట్లే కదా, ఎలాగూ నాట్లు వేస్తున్నాం, ఆ ముక్కలో కూడా వేసేద్దాం అనిపిస్తుంది. నేను అలాగే అనుకుని నాలుగేళ్లు పోగొట్టుకున్నాను. చెరువు మట్టి తోలాను, గెత్తం తోలాను, కార్డులో కర్బనం పెరిగింది కూడా. నీరు మాత్రం నిలవలేదు. సారం ఉన్న జల్లెడ జల్లెడే.

ఒక పరీక్ష చేయండి. గరువులో రెండు గజాల చదరం చిన్న మడి కట్టి, బాగా దమ్ము చేసి, నాలుగు అంగుళాల నీరు పెట్టండి. అందులో గీతలు గీసిన వెదురు పుల్ల పాతండి. పక్కనే ప్లాస్టిక్ టబ్బులో అంతే ఎత్తు నీరు పోసి దానిలోనూ ఒక పుల్ల. రోజూ ఒకే వేళకు రెండూ చూడండి. టబ్బులో తగ్గింది ఎండ తాగింది. మడిలో దానికన్నా ఎంత ఎక్కువ తగ్గితే అంత నేల తాగినట్టు. అది రోజుకు 5 మిల్లీమీటర్ల లోపయితే వరికి బంగారం. 10 దాకా అయితే కాలువ నీరు దండిగా ఉన్న చోట లాగించవచ్చు. ఆ పైన వద్దు. ఎకరంలో 10 మిల్లీమీటర్లు ఇంకాయంటే 40 వేల లీటర్లు పోయినట్టే, అదీ ఒక్క రోజుకు.

జీలుగపూలు
టబ్బు మాట ఎప్పుడూ తట్టలేదు నాకు. మేము పుల్ల ఒక్కటే పాతి ఎండ తాగిన నీటిని కూడా నేల మీదకు నెట్టేవాళ్లం.

గట్టుమీదకబుర్లు
టబ్బు మీద మూత పెట్టాలి గరువుగట్టు గారూ, లేకపోతే గేదె తాగింది కూడా ఎండ ఖాతాలో పడుతుంది.

గరువుగట్టు
మూత పెడితే ఎండ ఎలా తాగుతుందయ్యా. ముళ్ల కంప వేయండి.

వంశధార_వడ్లు
పాత రోజుల్లో మా తాత తడి మట్టిని చేతిలో పాముతూ తాడు చేసేవాడు. ఆ తాడును గాజులా వంచితే విరగకుండా చుట్టు తిరిగితే వరి నేల, పగిలితే మెట్ట పంట. ఇన్ని పుల్లలు, టబ్బులు అక్కర్లేదు.

గరువుగట్టు
ఆ గాజు పైమట్టి సంగతి చెబుతుంది. అడుగున ఏముందో చెప్పదు. పైన ఇసుక గరప ఉన్నా అడుగున్నర కింద బంక పొర ఉంటే నీరు నిలుస్తుంది, పైన బంక ఉన్నా కింద గులక ఉంటే నిలవదు.

కొండదిగువ
సాలూరు వైపు నుంచి. ఇక్కడ అందరూ తక్కువైన వాటి గురించే మాట్లాడుతున్నారు. ఎక్కువైనా చిక్కే. మా కొండ కింది మడిలో ఊటనీరు ఏడాదంతా చెమర్చుతుంది. కార్డులో ఇనుము పుష్కలం అని వస్తే సంతోషించాం. పైరు నాటిన నెలకు ఆకులన్నీ కంచు రంగు తిరిగాయి, నీటి మీద ఎర్రటి తెట్టు, వేళ్లు పెరికితే నల్లగా కుళ్లిన కోడిగుడ్డు వాసన. నీరు తీసి వారం ఆరగట్టి పొటాష్ వేశాక కొత్త వేళ్లు తెల్లగా వచ్చాయి. ఇప్పుడు కొండ వైపు గట్టు వెంట ఒక మురుగు కాలువ తీసి ఊటను పక్కకు మళ్లించాం.

జీలుగపూలు
వేళ్లు పెరికి చూడమనడం మంచి మాట. మంచి వరి మడిలో పారతో ఒక పెడ్డ ఎత్తి చూడండి. బూడిద రంగు మట్టిలో వేళ్ల దారి వెంట సన్నటి తుప్పు గీతలు ఉంటాయి. వేరు చుట్టూ గాలి ఆడుతోందని గుర్తు. అంతా ఒకే నీలి నలుపైతే నీరు ఊపిరాడకుండా నిలిచిపోతోందని.

నాగావళి_మాస్టారు
బడిలో లెక్కలు చెప్పి విరమించాను, ఇప్పుడు పాలకొండ దగ్గర ఎకరంన్నర చేస్తున్నాను. ఈ చర్చలో రెండు ప్రశ్నలు ముడిపడిపోయాయి. నేలలో సారం ఉందా అన్నది ఒకటి. ఆ భూమి వరికి తగినదా అన్నది ఇంకొకటి. మొదటిదానికి కార్డు చాలు. రెండోదానికి నీరు, మురుగు, వాలు, లోతు, ముంపు అన్నీ చూడాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1976లో భూమి మదింపుకు ఒక పద్ధతి పెట్టింది. బాగా తగినది ఎస్1, ఓ మోస్తరు ఎస్2, అంతంతమాత్రం ఎస్3, తగనిది ఎన్. ఇందులో మార్కులు కలిపి సగటు తీస్తే మోసపోతాం. అన్నిటిలో ఏది అధమంగా ఉందో భూమి తరగతిని సాధారణంగా అదే నిర్ణయిస్తుంది. నా దగ్గర తెలుగులో 90 తెచ్చుకున్న పిల్లవాడు లెక్కల్లో 12 తెస్తే సగటు చూసి పాస్ చేయలేదు కదా.

ఇంకో సంగతి కూడా ఉంది. సరిదిద్దగలిగిన లోపానికీ దిద్దలేనిదానికీ తేడా చూడాలి. జింకు లోపం ఒక సంచితో పోతుంది. ఇసుక నేల ఒక జన్మలో పోదు.

గట్టుమీదకబుర్లు
నేను 12 తెచ్చుకున్న పిల్లవాణ్నే మాస్టారూ. గుర్తుపట్టారా?

నాగావళి_మాస్టారు
చేతిరాత కనపడితే గుర్తుపట్టేవాణ్ని.

వంశధార_వడ్లు
మాస్టారూ, ఉదజని సూచిక మాట ఎవరూ ఎత్తలేదు. గరువులో 6 వస్తే సున్నం వేయాలా?

నైరా_పాతవిద్యార్థి
వరికి అక్కర్లేదు. నీరు పెట్టి రెండు మూడు వారాలు ఉంచితే ఆమ్ల నేల సూచిక పైకి లేస్తుంది, క్షార నేలది కిందికి దిగుతుంది, రెండూ 7 దగ్గరికి చేరతాయి. అందుకే 5.5 దగ్గర కూడా వరి పండుతుంది. వేరుశనగ వేస్తే అప్పుడు ఆలోచించాలి.

శివారుభూమి
పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆలస్యానికి మన్నించండి, సెలవు దొరకలేదు.

పల్లం: సూచిక 7.6, ఈసీ 0.5, కర్బనం 0.71, జింకు 0.7.
ఎకరం, మచ్చలు లేని చోట: సూచిక 7.9, ఈసీ 1.2, కర్బనం 0.48, జింకు 0.5.
ఎకరం, మచ్చల దగ్గర: సూచిక 8.1, ఈసీ 3.1. రెండో అడుగులో 2.2, మూడో అడుగులో 2.4. మూడు అడుగులకే గుంటలో నీరు ఊరింది.
గరువు: సూచిక 6.3, ఈసీ 0.1, కర్బనం 0.33, జింకు 0.4.

గ్లాసులో నీరు పొద్దుటికి అద్దంలా తేటగా ఉంది. గరువులో పుల్ల రోజుకు 50 మిల్లీమీటర్లు దిగింది, టబ్బులో 6. కంప వేసినా కాకి వచ్చి తాగింది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకో వింత. పాత కార్డుకూ ఈ గరువు ఫలితానికీ కూడా పొంతన లేదు.

వంశధార_వడ్లు
మచ్చల దగ్గర 3.1 అంటే, వరికి 3 దాకా పరవాలేదని చదివాను. అంచు మీద ఉన్నట్టే కదా?

నైరా_పాతవిద్యార్థి
ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 3 దాటితే ఒక్కో యూనిట్‌కు దిగుబడి 12 శాతం పడిపోతుందని మీరు చదివిన లెక్క, నీటితో తడిసి ముద్దయిన మట్టి నుంచి పిండిన ద్రావణానిది. మన ప్రయోగశాలల్లో ఒక పాలు మట్టికి రెండు, రెండున్నర పాళ్లు నీరు కలిపి కొలుస్తారు. పలచన చేసిన మజ్జిగ రుచి చూసి పెరుగు పులుపు చెప్పినట్టు. నేలను బట్టి అసలు అంకె మూడు, నాలుగు రెట్లు ఉంటుంది. కాబట్టి ఆ 3.1 నిజానికి 9 పైనే. మచ్చలు లేని చోటి 1.2 కూడా అప్పటికే అంచు దాటిందన్నమాట.

చౌడుమడి
తెల్ల చౌడే. జిప్సం బస్తాలు దుకాణంలోనే ఉండనివ్వండి.

మూడు అడుగుల్లో నీరు ఊరడమే అసలు రోగం. వేసవిలో ఆ ఉప్పు నీరు దీపపు వత్తిలో నూనె పాకినట్టు పైకి పాకి, నీరు ఆవిరై, ఉప్పు పైన మిగులుతుంది. అందుకే పైన 3.1, కింద 2.2. కోత అయ్యాక నేలను అలాగే బోడిగా వదిలేయవద్దు. పదునుండగానే పైపైన దున్నేస్తే ఆ వత్తి తెగుతుంది.

కడగడానికి మీకు చిక్కు ఒకటుంది. శివారుకు కాలువ నీరు ఎప్పుడు చేరుతుందో, ఎంత చేరుతుందో దేవుడికి తెలుసు. నీరు ఎక్కువ కావలసిన చోటే తక్కువ అందుతుంది. అందుకని వాన మీద ఆధారపడండి. గట్లు అడుగు ఎత్తు పెంచి, తొలకరి వానలను పట్టి ఉంచి, దమ్ము చేసి, ఒకటి రెండు రోజులు నిలిపి, ఆ నీటిని మురుగులోకి వదిలేయండి. మూడు నాలుగు సార్లు. మురుగు కాలువ మడి కన్నా రెండు మూడు అడుగులు లోతుండాలి, లేకపోతే తిరిగి మీ మడిలోకే వస్తుంది. తర్వాత ముదురు నారు, నెల దాటినది, కుదురుకు నాలుగైదు మొక్కలు, కాస్త దగ్గరగా. నేను ఎంటీయూ 1061 రకం వేస్తాను, ఇంద్ర అంటారు. ఉప్పును స్వర్ణ కన్నా బాగా ఓర్చుకుంది మా మడిలో.

జీలుగపూలు
మొదటి ఏడాది ఆ ఎకరంలో వరి ఆశ పెట్టుకోకుండా జీలుగ వేయండి. చౌడును తట్టుకునే పచ్చిరొట్ట అదే, జనుము అక్కడ నిలవదు. పూత మొదలయ్యే వేళకు కలియదున్నితే కర్బనమూ పెరుగుతుంది. మచ్చల్లో జీలుగ కూడా మొలవకపోతే ఆ చోటు ఏ స్థితిలో ఉందో అదే చెబుతుంది.

వంశధార_వడ్లు
ఎకరమంతా ఒక పంట వదులుకోమంటే ఉద్యోగస్తుడికి సరే, రైతుకు ఎలా? జీలుగ మేలో చల్లి జూలైలో దున్ని ఆగస్టులో నాటవచ్చు. పంట పోదు.

జీలుగపూలు
మేలో చల్లడానికి తడి ఎక్కడిది, శివారులో? వేసవి వాన ఒకటి పడితే మీ మాట, పడకపోతే నా మాట.

గరువుగట్టు
గరువు లెక్క నేను చెబుతాను. 50లో 6 తీస్తే 44. అర ఎకరానికి రోజుకు దాదాపు 90 వేల లీటర్లు భూమిలోకి. అక్కడ వరి మాట మరిచిపోండి. చోడి (రాగి) వేయండి, లేదా వేరుశనగ. గట్టు మీద కంది. ఇంకో విషయం, ఆ గరువులో వరి పెట్టి నీరు నింపితే అది దిగేది ఎక్కడికి? మీ ఎకరం కిందికే. ఉప్పు నీటి మట్టాన్ని మీరే పైకి లేపినట్టు.

నైరా_పాతవిద్యార్థి
అది నాకు తట్టలేదు. గరువుగట్టు గారి మాట ఖచ్చితంగా చూడవలసినదే. కౌలు రైతు గరువులో కూడా వరి వేశాడా?

శివారుభూమి
వేశాడు. మూడేళ్లూ. నాన్న ఉండగా అక్కడ చోడి ఉండేది, ఎకరంలో మచ్చలూ ఉండేవి కావని అమ్మ అంటోంది. ఇన్నాళ్లూ ఈ రెండింటినీ కలిపి ఎవరమూ ఆలోచించలేదు.

నాగావళి_మాస్టారు
మరి పల్లం ఎస్1. గరువు వరికి ఎన్, చోడికి నిక్షేపం. ఎకరం ఈ ఏడాదికి ఎస్3, మురుగు తీస్తే పైకి వెళుతుంది. పల్లంలో కర్బనం 0.71 ఉంది కాబట్టి యూరియా అలవాటు కొద్దీ గుప్పించవద్దు, తెగులు తెచ్చుకుంటారు.

వంశధార_వడ్లు
ఎకరంలోనూ గరువులోనూ జింకు తక్కువే వచ్చింది, అందరూ గమనించాలి. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయవద్దు. నిలిచిన పైరులో లోపం కనపడితే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు, ఐదు రోజులకోసారి రెండు మూడు సార్లు పిచికారీ.

గట్టుమీదకబుర్లు
జింకు గారికి ఎట్టకేలకు న్యాయం జరిగింది.

శివారుభూమి
మేనమామకు కాగితం చూపించాను. పరీక్షకు ఎంత ఖర్చయిందని అడిగి, తన నాలుకకు అందులో సగం ఇవ్వమన్నాడు.

ఇప్పుడు మిగిలింది మురుగు కాలువ. మా ఎకరం నుంచి నీరు పోవాలంటే పక్కాయన గట్టు దాటాలి. తూము వేసుకోనిస్తానన్నాడు, కానీ మీ ఉప్పు నా మడిలో ఆగితే ఎవరిది పూచీ అంటున్నాడు. న్యాయమైన ప్రశ్నే. సిమెంటు తూము వేసి నేరుగా మురుగు దాకా తీసుకెళ్లడానికి 60 గజాలు. ఎవరైనా ఇలా వేయించారా? ఎంత వెడల్పుది వాడారు?

చౌడుమడి
వేయించాను. అడుగు వెడల్పుది పెట్టండి, అంతకన్నా సన్నగా పెడితే తుంగ, ఒండ్రు చేరి పూడిపోతుంది. పక్కాయన మడి మట్టి కూడా ఇప్పుడే పరీక్ష చేయించి ఒక ప్రతి ఆయనకు, ఒక ప్రతి మీకు ఉంచుకోండి. మేము చేయించలేదు. అయిదేళ్లుగా ఆ ఇంటి పెళ్లిళ్లకు మాకు పిలుపు లేదు.